మూడవ దినమునకు మిగిలిన మాంసము

ధ్యాన భాగములు: లేవీయకాండము 7:15–18, 2 సమూయేలు 24:18–24



మాంసము కొని దాచుకొనుట పాపమా అని యెవరైన అడిగినయెడల, కాదని వెంటనే చెప్పుదుము. మేమును దాచుకొన్నవారమే. అయితే 2024 జూలై నెలలో మా యింట జరిగిన యొక చిన్న సంగతివలన ఆ ప్రశ్న వేరొక రూపమున మా యెదుట నిలిచినది. ఎటులైనను పాడైపోవుదానిని పంచిపెట్టుట దానమగునా? ఈ విషయమై యీ నెల మీతో కలిసి కొంత ఆలోచింపగోరుచున్నాము.

మేము అమెరికా దేశమున, టెక్సాసు రాష్ట్రములో, హ్యూస్టను నగరపు శివారున కాపురమున్నాము. ఇచ్చట వేసవి వచ్చినదనగా ఇంటివెనుక పెరటిలో పొయ్యి పెట్టి మాంసము కాల్చుకొని తినుట గొప్ప వేడుక. 1952లో చికాగో ప్రాంతమున జార్జి స్టీఫెన్ అను నతడు నీటిమీద తేలు బోయా గోళమును రెండుగా కోసి మూతగల పొయ్యి చేసెను. ఆ గుండ్రని పొయ్యి నేటికిని వేలకొలది పెరళ్లలో కానవచ్చును. చాల యేండ్లు ఇతరుల పెరళ్లలో తినివచ్చిన మేము, ఆ జూన్ నెలాఖరున స్వంతముగా నొక గ్యాసు గ్రిల్లు కొంటిమి. దానిని బిగించుటకు ఒక సాయంకాలమంతయు పట్టినది. 20 పౌనుల ప్రొపేన్ సిలిండరు తగిలించి, గొట్టము అతుకులమీద సబ్బునీరు పూసి బుడగలు లేచుచున్నవేమో చూచితిమి. కర్మాగారపు నూనె వాసన పోవునట్లు ఖాళీ పొయ్యిని మొదట పావుగంట మండించితిమి. పిల్లలు చుట్టును నిలిచి, బలిపీఠము ప్రతిష్ఠించునట్లు చూచుచుండిరి.

పొయ్యి వచ్చినపిమ్మట దానికి తగిన సరకు కావలెను గదా. జూలై 4వ తేదీ పండుగకు ముందు దుకాణములలో మాంసము చవుక. గొడ్డుమాంసపు బ్రిస్కెట్టు, పక్కటెముకలు, కోడి తొడలు, మన మేకమాంసము, కొన్ని చేపలు — అన్నియు కలిపి 90 పౌనులకు పైగా తెచ్చి, గారేజీలోని ఫ్రీజరు మూత పడనంతగా నింపితిమి. ఆ మూతను మోచేతితో నొక్కి మూసినప్పుడు కలిగిన నెమ్మదిని ఇప్పుడు తలంచిన సిగ్గగుచున్నది. లూకా 12వ అధ్యాయములోని ధనవంతుడు తన ప్రాణముతో మాటలాడుకొన్నాడు. మేము ఫ్రీజరుతో మాటలాడుకొంటిమి.

పండుగ గురువారము గడచినది. మేమును పిల్లలును మాత్రమే తింటిమి. ఎడమ ప్రక్కయింట శాకాహారులైన గుజరాతీ దంపతులున్నారు. పొగ వారి పెరటిలోనికి పోవుచున్నదని తెలిసియు పొయ్యిని కంచెకు దూరముగా జరుపుటకు మాకు తోచలేదు. కుడి ప్రక్క మెక్సికో దేశమునుండి వచ్చిన వృద్ధురాలు, విధవరాలు, ఒంటరిగా నుండును. ఆరేండ్లుగా చేయి ఊపుటయే గాని ఆమె పేరైనను మేమడుగలేదు.

జూలై 8వ తేదీ సోమవారము తెల్లవారుజామున బెరిల్ అను తుపాను మటగోర్డాయొద్ద తీరము దాటి హ్యూస్టనుమీదికి వచ్చినది. ఆ ప్రాంతమున 22 లక్షలకు పైగా కనెక్షనులకు కరెంటు పోయినది. గాలి తగ్గినపిమ్మట యెండ. ఇండ్లలోపల ఊపిరాడదు. కరెంటు ఎప్పుడు వచ్చునో చెప్పువారు లేరు.

నిండిన ఫ్రీజరు మూత తెరువకున్నయెడల సుమారు 48 గంటలు చల్లదనము నిలుపునని ఆహార రక్షణ శాఖవారు చెప్పుదురు. కాబట్టి సోమవారము మూత ముట్టలేదు. మంగళవారము ముట్టలేదు. కాని మంగళవారము రాత్రి పడుకొన్నప్పుడు మా తలంపంతయు తుపానులో ఇల్లు కూలినవారిమీద లేదు, మంచము పట్టిన వృద్ధులమీద లేదు. ఆ 90 పౌనులమీదనే యున్నది. అరణ్యములో పూరేళ్లను కూర్చిన ఇశ్రాయేలీయులు జ్ఞాపకమునకు వచ్చిరి. వారిలో అందరికంటె తక్కువ కూర్చినవాడే పది హోమెరులు కూర్చెనని సంఖ్యాకాండము 11వ అధ్యాయము చెప్పుచున్నది. హోమెరనగా ఒక గాడిద మోయునంత బరువని పండితులందురు. పది గాడిదల బరువు మాంసము చుట్టును పరచుకొని కూర్చున్న మనుష్యుడు! ఆ చోటికి పెట్టబడిన కిబ్రోతుహత్తావా అను పేరునకు ఆశ యొక్క సమాధులని యర్థము.

బుధవారము ఉదయమున మూత తెరచితిమి. అంచులయందు మెత్తబడుచున్నది గాని నడుమ ఇంకను మంచు ఉన్నది. కరెంటు లేకున్నను గ్యాసు పొయ్యి వెలుగును గదా! ఆ ఉదయమునుండి చీకటి పడువరకు కాల్చితిమి. వీధిలో ఇంటింటికి వెళ్లి పిలిచితిమి. ఎన్నడు మాటలాడనివారు పళ్లెములతో వచ్చిరి. గుజరాతీ దంపతులకొరకు ఇనుప జాలిని బాగుగా తోమి, క్రొత్త రేకు పరచి, మొదట వారి మొక్కజొన్న కంకులను, వంకాయలను కాల్చి యిచ్చి, అటుపిమ్మటనే మాంసము వేసితిమి. ఆ దినమున మా పెరటిలో ముప్పదిమందికి తక్కువ తినలేదు.

తరువాతి ఆదివారము మందిరములో ఒక పెద్ద ఈ సంగతి ఎత్తి, ఇది మంచి సాక్ష్యమని సంఘమునకు చెప్పెను. అందరును మావైపు చూచి తలలూపిరి. మేము తల వంచుకొంటిమి. వారు దానిని వినయమనుకొని యుందురు. నిజము వేరు. గురువారము వరకు నిలువని మాంసమును బుధవారము పంచితిమి; ఆ కరెంటు మంగళవారమే వచ్చియున్నయెడల ఒక్క ముక్కయు కంచె దాటియుండదు. ఇది మాకు తెలియును, దేవునికి తెలియును. మొదటి సంఘములో అననీయ సప్పీరా తమ సొత్తు కొంత దాచుకొన్నందుకు కాదు, అంతయు ఇచ్చితిమన్న పేరు పొందగోరినందుకే పడిపోయిరి. మేము నోరు తెరచి అబద్ధమాడలేదు, ఊరకుంటిమి. ఊరకుండుట ఎంతవరకు అబద్ధము కాదో మీరే చెప్పవలెను.

ఇంతకును ఆ బుధవారపు సంగతి ఒకటి ఆ పెద్దకు తెలియదు. కుడి ప్రక్క వృద్ధురాలు మధ్యాహ్నము వచ్చునప్పుడు వట్టి చేతులతో రాలేదు. ఐసు అమ్ముచోట రెండు గంటలు ఎండలో నిలువబడి ఒక్క సంచి తెచ్చుకొన్నదట. అందులో సగము మా పిల్లల నీటికని తెచ్చి బల్లమీద పెట్టినది. ఆ ఐసు ఆమెకు మిగిలినది కాదు. వెల యియ్యక తీసికొన్నదానిని దేవునికి అర్పింపనని దావీదు అరౌనా కళ్లములో పట్టుపట్టి, రూకలిచ్చి కొనెను. ఆ దినమున మా పెరటిలో వెల యిచ్చి యిచ్చినది ఎవరో వేరుగ చెప్పనక్కరలేదు.

అయినను మమ్మును మేము పూర్తిగా దూషించుకొనుటయు న్యాయము కాదేమో. ఇక్కడనే లేవీయకాండము మాకు తోడ్పడినది. కృతజ్ఞతతో అర్పించు సమాధానబలి మాంసమును ఆ దినముననే తినవలెను. మ్రొక్కుబడిగా గాని స్వేచ్ఛగా గాని అర్పించినది మరునాటివరకు నిలువవచ్చును. మూడవ దినమునకు మిగిలినది అగ్నిలో కాల్చివేయవలెను. చిన్ననాడు ఇది మాకు శుచికి సంబంధించిన నియమముగా మాత్రమే తోచెడిది. మొదటి శతాబ్దములో అలెక్సంద్రియలో నుండిన యూదు జ్ఞానియగు ఫైలో దీనికి వేరొక కారణము చెప్పెను: బలిమాంసము కొట్టులో దాచవలసినది కాదు, అవసరతగలవారికందరికి పెట్టవలసినది. ఒక కుటుంబము ఒక యెద్దును ఒక దినములో తినగలదా? తినలేదు. కాబట్టి పిలువవలెను. పస్కా గొఱ్ఱెపిల్ల విషయమందును అంతే. ఇల్లు చిన్నదైనయెడల పొరుగువానితో కలిసి తినుమని నిర్గమకాండము 12వ అధ్యాయములో నున్నది. అనగా దేవుడు తన ప్రజల మంచి మనస్సు పుట్టువరకు కనిపెట్టలేదు. పాడైపోవు గుణమునే వారికి గురువుగా నియమించెను.

మా చిన్ననాటి పల్లెలో ఇదే చూచితిమి. క్రిస్మసు ముందు నాలుగైదు ఇండ్లవారు కలిసి ఒక మేకపోతును కోయించి, ఆకులు పరచి పోగులు పెట్టెడివారు. ప్రతి పోగులో కొంత కాలేయము, కొంత ఎముక, కొంత క్రొవ్వు పడునట్లు చూచెడివారు. రూకలు లేనివానికిని ఒక పోగు ఉండెడిది, పంట వచ్చినప్పుడు ఇయ్యవచ్చును. వారందరు పరిశుద్ధులని మేమనము. పోగు చిన్నదైనదని జగడములును విన్నాము. మిగిలినది తునకలుగా కోసి ఎండలో వ్రేలాడదీయుటయు కలదు. యోసేపు ఏడేండ్లు ధాన్యము కొట్లలో నిలువచేసెను గదా, దాచుటయే దోషమనరాదు. అయితే ఆ పల్లెలో మాంసము కోసిన దినమున ఒంటరిగా తినుట సాధ్యము కాదు. సున్నా డిగ్రీల ఫారెన్‌హీటు చలిలో మాంసము నెలల తరబడి నిలుచును. ఆ చలిపెట్టె మాకు మేలే చేసినది. దానితో పాటు పొరుగువానిని పిలువవలసిన పనిని కూడ మానిపించినది. బెరిల్ తుపాను ఆ పెట్టెను మూడు దినములు ఆపివేసి మమ్మును మరల పల్లెకు పంపినది.

ఆగస్టులో ఫ్రీజరును మరల నింపితిమని ఒప్పుకొనవలెను. అలవాటు అంత సులభముగా విడువదు. గాని సెప్టెంబరులో దుకాణమున బ్రిస్కెట్టు చేతపట్టుకొని నిలిచియుండగా, మాలో ఒకరు రెండవవారిని, "ఇది ఎవరెవరికి?" అని అడుగుట జరిగినది. అప్పటినుండి అది వాడుకయైనది. పేర్లు చెప్పలేనప్పుడు తిరిగి అరలో పెట్టివచ్చిన దినములు కలవు, చెప్పినను మరచిపోయిన దినములును కలవు. కుడి ప్రక్క అమ్మగారి పేరు ఇప్పుడు మాకు తెలియును. మా పేర్లు ఆమె నోట తిన్నగా పలుకవు. పొయ్యిని కంచెకు దూరముగా జరిపితిమి. ఫ్రీజరు సాధారణముగా సగమే నిండియుండును. సగము నిండినది కరెంటు పోయినయెడల 24 గంటలే నిలుచునట, కృతజ్ఞతార్పణవలె.