వేసవి సెలవులు ఎవరివి?

ఏప్రిల్ నెలాఖరుకు బడులు మూస్తారు. మళ్ళీ తెరిచేది జూన్ రెండవ వారంలోనే. అంటే దాదాపు ఏడు వారాల సెలవులు. ఈ ఏడు వారాలూ పిల్లలను ఏం చేయాలన్న ప్రశ్న ప్రతి ఇంట్లోనూ పుడుతుంది. పట్టణాలలో గోడల నిండా ప్రకటనలు కనిపిస్తాయి. చిత్రలేఖనం, కరాటే, చేతిరాత, ఇంగ్లీషు మాటలు, అబాకస్, కంప్యూటరు నేర్పుతామంటారు. కొన్నిచోట్ల ఫీజు వేలల్లో ఉంటుంది. మరోవైపు విచారణలు, గ్రంథాలయాలు, వాడల సంఘాలు తక్కువ రుసుముతోనో, ఉచితంగానో పగటిపూట శిబిరాలు నడుపుతుంటాయి. పిల్లలు పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి ఇల్లు చేరుతారు.

ప్రియ పాఠకులారా, మన పిల్లలను ఇలాంటి శిబిరంలో చేర్చడం మంచిదా కాదా అన్నది పైకి చాలా చిన్న ప్రశ్న. కాని దాని వెనక ఒక పెద్ద ప్రశ్న ఉంది. ఈ సెలవులు ఎవరివి? తల్లిదండ్రులవా, పిల్లలవా, లేక మనందరివా?

"సెలవుల్లోనైనా వాళ్ళను ఆడుకోనివ్వండి" అనే పెద్దలున్నారు. వారి మాటలో నిజముంది. మనం పెరిగిన వేసవి వేరు. అమ్మమ్మ ఊరు, తాటిముంజలు, ముంజకాయల బండి, గోళీలు, అష్టాచమ్మా. ఎవరూ నేర్పకుండానే చాలా నేర్చుకున్నాం. బాలల హక్కుల గురించి 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడికలో 31వ అధికరణం విశ్రాంతిని, తీరికను, ఆటను కూడా పిల్లల హక్కులుగా గుర్తించింది. మన దేశం 1992 డిసెంబరులో దానికి కట్టుబడింది. పదినెలలు బడిలోను, ట్యూషన్లలోను నలిగిన బిడ్డను సెలవుల్లో మరో తరగతి గదిలోకి తోసి, దానికి శిబిరమని పేరు పెడితే ఆ హక్కును మనమే లాక్కున్నట్లు.

అయితే అమ్మమ్మ ఊరు ఇప్పుడు ఎంతమందికి ఉంది? భార్యాభర్తలిద్దరూ పనికి వెళితే బిడ్డ పగలంతా ఎక్కడ ఉంటుంది? తలుపు గడియ పెట్టుకుని టీవీ ముందో, చేతిలో ఫోనుతోనో ఉంటుంది. అది తీరిక కాదు, ఒంటరితనం. కనుక ఆటకూ స్నేహానికీ చోటిచ్చే శిబిరాన్ని కాదనలేం. చేర్చాలా వద్దా అన్నదానికి జవాబు ఆ ఇంటి పరిస్థితిని బట్టి, బిడ్డ ఇష్టాన్ని బట్టి ఉంటుంది. ఒక్కసారి బిడ్డను అడిగి చూడండి. మనలో చాలామంది ఫారం నింపుతాం గాని ఆ ఒక్క ప్రశ్న అడగం.

ఇంతవరకు చెప్పింది మన ఇంటి పిల్లల సంగతి. నన్ను కలవరపెట్టిన సంగతి మరొకటి ఉంది.

కొన్నేళ్ళ క్రితం మా విచారణ హాలులో పదిహేను రోజుల శిబిరం పెట్టారు. బొమ్మలు, పాటలు, కథలు, లెక్కల ఆటలు, మధ్యలో మజ్జిగ, ఒక ఫలహారం. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ళ వయసు పిల్లలు అరవైమందికి చోటు. పేర్లు రాసుకునే బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టారు. ముందు వచ్చినవారికి ముందు అన్నది నియమం. ఆదివారం పూజ తర్వాత ఫారాలు పంచాం. సోమవారం మధ్యాహ్నానికి అరవై పేర్లూ నిండాయి. పని సాఫీగా అయిపోయిందని సంతోషించాను.

మంగళవారం ఒక అమ్మాయి వచ్చింది. పదకొండేళ్ళుంటాయి. చంకలో మూడేళ్ళ తమ్ముడు. తల్లి మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళుతుంది. మాకు ఆ పని ముమ్మరంగా ఉండేది వేసవిలోనే. "నన్ను రాసుకోండి సార్, వీణ్ణి ఏడవనియ్యను, నా ఒళ్ళోనే కూచోబెట్టుకుంటాను" అంది. "పేర్లు నిండిపోయాయమ్మా, అయినా చిన్నపిల్లలను రానివ్వరు" అన్నాను. కోపంగా అనలేదు, మెల్లగానే అన్నాను. ఆ అమ్మాయి తల ఊపి వెళ్ళిపోయింది.

శిబిరం మొదలయ్యాక మూడు రోజులు వాళ్ళిద్దరూ కిటికీ బయట నిలబడి చూశారు. లోపల పాట పాడితే బయట ఆ అమ్మాయి పెదవులు కదిలేవి. నాలుగో రోజు రాలేదు. రెండో వారానికి లోపల పదిహేను కుర్చీలకు పైగా ఖాళీ అయ్యాయి. కొందరు పెళ్ళిళ్ళకు వెళ్ళారు, కొందరికి విసుగు పుట్టింది. కాగితం మీద మాత్రం అరవై పేర్లూ నిండుగానే ఉన్నాయి. కబురు పంపి పిలుద్దామన్న ఆలోచన నాకు రాలేదు. నియమం పాటించాను కదా అన్న తృప్తిలో ఉన్నాను.

ఆ నియమం అన్యాయమైనదా? తొందరపడి అవునని అనలేం. నియమం లేకపోతే "మీవాళ్ళకే ఇచ్చుకున్నారు" అన్న నింద వస్తుంది, ఆ నింద కొన్నిసార్లు నిజం కూడా అవుతుంది. మూడేళ్ళ పసివాడు మెట్ల మీద పడితే ఎవరిది పూచీ అన్న భయమూ సరైనదే. కాని ముందు రాగలిగేది ఎవరో ఆలోచించండి. ఆదివారం ప్రకటన విన్నవారు, ఫారం చదవగలిగినవారు, సోమవారం కూలి పోగొట్టుకోనక్కరలేనివారు. వరుస అందరికీ ఒకటే. ఆ వరుస దాకా నడవవలసిన దూరం అందరికీ ఒకటి కాదు. ఎవరు ముందు వచ్చారన్నది నియమం చెప్పగలదు. ఎవరికి ఎక్కువ అవసరమో చెప్పలేదు. అది అడగవలసింది బల్ల దగ్గర కూర్చున్న మనిషి. నేను అడగలేదు.

సెలవులన్న మాట అందరికీ ఒకే అర్థం ఇవ్వదు. బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించి, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదన్నారు. కాని ప్రమాదకరం కాని కుటుంబ పనుల్లో బడివేళల తర్వాత, సెలవుల్లో సాయపడవచ్చునని మినహాయింపు ఉంచారు. మన బిడ్డకు ఆటగా కనిపించే సెలవు, చట్టం దృష్టిలో కూడా పేదబిడ్డకు పనివేళ అయింది. బడి మూస్తే మధ్యాహ్న భోజనమూ ఆగుతుంది. అందుకే కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా ఆ భోజనం పెట్టాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

తమ్ముణ్ణి చూసుకోవడం తప్పని నేననను. ఆ అమ్మాయి ప్రేమలో మన పిల్లలు నేర్చుకోవలసింది ఎంతో ఉంది. కాని బిడ్డకు బాధ్యత ఒక్కటే మిగిలి, బాల్యం కిటికీ అవతల ఉండిపోతే, ఆ కిటికీ మూసినవారిలో మనమూ ఉన్నాం. మార్కు సువార్త పదవ అధ్యాయంలో పసివారిని అడ్డుకున్నది దుర్మార్గులు కాదు, శిష్యులే. బహుశా క్రమం చెడిపోతుందనే అడ్డుకుని ఉంటారు. అయినా ప్రభువుకు కోపం వచ్చింది. ఆ బల్ల గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆ అధ్యాయం గుర్తొస్తుంది.

మరుసటి ఏడు మా పద్ధతి మార్చుకున్నాం. పది చోట్లు చివరిరోజు దాకా ఆపి ఉంచాం. ముందుగా కూలివారి ఇళ్ళకు సాయంత్రం పూట వెళ్ళి అడిగాం. హాలు వెనక వరండాలో చాప పరిచి, చిన్నపిల్లలను చూసుకోవడానికి ఇద్దరు పెద్దమ్మలు ఒప్పుకున్నారు. మూడు రోజులు రానివారి చోటు వేరొకరికి ఇచ్చాం. ఖర్చు పెద్దగా పెరగలేదు. కొందరు పెద్దలు గొణిగారు, తర్వాత ఊరుకున్నారు. ఆ వరండాలో ఏడుగురు పసివాళ్ళు ఆడుకున్నారు, వాళ్ళ అక్కలు లోపల బొమ్మలు వేశారు.

నేను వెతుక్కుంటూ వెళ్ళిన అమ్మాయి మాత్రం రాలేదు. ఆ వేసవిలో తల్లి వెంట తొడిమల పనికి పోతోందని పక్కింటివారు చెప్పారు. జూన్‌లో మళ్ళీ బడికి వెళ్ళిందని విన్నాను. అదొక్కటే ఊరట. ఒక సంవత్సరం మనకు చిన్నది, పదకొండేళ్ళ బిడ్డకు చాలా పెద్దది.

కనుక ఈ వేసవిలో మీ బిడ్డను శిబిరంలో చేర్చండి, లేదా ఇంట్లోనే హాయిగా ఆడుకోనివ్వండి. అది మీ ఇష్టం, మీ బిడ్డ ఇష్టం. చేర్చేటట్లయితే, ఫారం మీద సంతకం పెట్టాక ఒక్క నిమిషం ఆగండి. మీ ఇంట్లో పనిచేసే ఆమె బిడ్డ, మీ వీధి చివర ఇటుకల పనివారి బిడ్డ ఈ సెలవుల్లో ఎక్కడ ఉంటారో కనుక్కోండి. ఆ బిడ్డ కోసం మరొక ఫారం అడిగి తీసుకోండి. చదవలేని తల్లికి చదివి చెప్పి, మీ చేత్తోనే నింపి పెట్టండి. బల్ల దగ్గర కూర్చున్నవారు పేర్లు నిండిపోయాయని అంటే, కుర్చీలు కూడా నిండాయా అని వారిని అడగండి.