ఫొటోకు ముందు ఒక మాట



ఎంగిలిపూల బతుకమ్మ నాటి నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు, పొద్దుగూకితే నిజామాబాద్ వాడల్లో, బోధన్ శక్కర్‌నగర్‌లో తంగేడు, గునుగు పూల చుట్టూ ఆడబిడ్డల చప్పట్లే. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. ఆ ఆట చుట్టూ ఇప్పుడు ఇంకో వలయం: ఎత్తిపట్టిన సెల్‌ఫోన్లు.

నిరుడు బోధన్‌లో ఒక అవ్వను చూశాను. వంగి చప్పట్లు కొడుతున్న ఆమె, ఫోన్ కనపడగానే ముఖం తిప్పుకుంది. ఒక పిల్ల దగ్గరికెళ్లి, "అవ్వా, ఒక్క ఫొటో తీసుకోనా?" అంది. "జర ఆగు బిడ్డా, కొంగు సదురుకోనీ" అంటూ అవ్వ నవ్వింది. ఆ నవ్వు, అడిగినందుకే దక్కింది.

నలుగురిలో ఆడినంత మాత్రాన మన ముఖం ఊరుమ్మడి సొత్తు కాదు. గోప్యత జీవించే హక్కులో భాగమని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది.

తీసేముందు అడుగుదాం. వద్దంటే ఫోన్ దించుదాం. పసిపిల్లలైతే తల్లిని అడుగుదాం. వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు మళ్లీ అడుగుదాం.

పూలకు దండం పెట్టే చేతులు మనవి. ఆ పూలు పేర్చిన మనిషికీ అంతే మర్యాద ఇద్దాం.