భూదేవి మోయలేని మాట

భాగవతం ఎనిమిదో స్కంధంలో నేల గురించి ఒక మాట నడుస్తుంది. పొట్టి బ్రహ్మచారి మూడడుగుల చోటు అడుగుతాడు, బలి చక్రవర్తి సరేనంటాడు. ధారపోసేలోపు శుక్రాచార్యుడు అడ్డుపడి, ఇచ్చిన మాట వెనక్కి తీసుకోమంటాడు. అబద్ధమాడినా దోషం లేని సందర్భాలను ఏకరువు పెడతాడు. ఆడవారి విషయంలో, పెళ్లి మాటల్లో, ప్రాణం మీదికి వచ్చినప్పుడు. సంస్కృత మూలంలో ఆ జాబితాలో బతుకుతెరువు కూడా ఉంది. బలి ఒప్పుకోడు. ఎలాంటి పాపినైనా మోస్తాను గానీ అసత్యమాడేవాణ్ణి మోయలేనని భూదేవే అన్నదని గురువుకు గుర్తు చేస్తాడు.

ఈ మాట ఇంకెవరి నోటా కాదు, భూమి నోటనే వచ్చింది. అందుకే ఇవాళ భూమి అమ్మే మాటల దగ్గర దీన్ని మళ్లీ తలచుకోవాలి.

హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ ఇప్పుడు ప్లాటయినా ఫ్లాటయినా ముందు కనబడేది ఫోన్ తెర మీద. డ్రోన్ తీసిన వీడియో, ఇంకా పునాది పడని క్లబ్ హౌస్ బొమ్మ, ఎయిర్‌పోర్టుకు 20 నిమిషాలంటూ ఒక గొంతు, సోమవారం నుంచి గజం రేటు పెరుగుతుందంటూ ఒక తొందర. ఈ మాటలు రాసేవారిలో చాలామంది పాతికేళ్లు దాటని పిల్లలు. అమీర్‌పేటలో డిజిటల్ మార్కెటింగ్ కోర్సు చేసి, నెలకు ఇన్ని లీడ్లు తేవాలన్న టార్గెట్‌తో కూర్చున్నవారు. వారిదీ బతుకుతెరువే. శుక్రుడి మినహాయింపు వారికి వర్తిస్తుందా? ఇది చట్టం ప్రశ్న కంటే ముందు ధర్మం ప్రశ్న. ఇల్లు మనకు బజారు సరుకు కాదు. శంకుస్థాపన చేసి, గడపకు పసుపు రాసి, పాలు పొంగించి అడుగుపెట్టే చోటు. ఇరవై ఏళ్ల ఈఎంఐకి సంతకం పెట్టించే చోటు కూడా.

ఆ పని ఎలా నడుస్తుందో ముందు చూడాలి. ఒకాయన గూగుల్‌లో ‘శంకర్‌పల్లి ఓపెన్ ప్లాట్లు’ అని వెతుకుతాడు. వేలు తీసేలోపే ఆ మాటల మీద ప్రకటనదారుల మధ్య వేలం జరిగిపోతుంది. పాడిన పాటను, ప్రకటన నాణ్యతను కలిపి లెక్కగట్టి ఎవరిది పైన రావాలో యంత్రం తేలుస్తుంది. పైన వచ్చినదాని పక్కన ‘స్పాన్సర్డ్’ అని చిన్న అక్షరాలుంటాయి. నొక్కితే ఒక పేజీ, అందులో ఒక ఫారం. ఫోన్ నంబరు ఇచ్చాడో, ఆయన లీడ్ అయిపోయినట్టే. కాసేపట్లో టెలీకాలర్ పిలుపు వస్తుంది, ఆదివారం సైట్ విజిట్‌కు కారు వస్తుంది. నంబరు ఇవ్వకుండా బయటికొచ్చినవాణ్ణీ వదలరు. ఆ పేజీలో దాచిన చిన్న కోడ్ ఆయన్ను గుర్తుపెట్టుకుంటుంది. సాయంత్రం ఇన్‌స్టాగ్రామ్‌లో అదే వెంచర్, రాత్రి యూట్యూబ్‌లో అదే వెంచర్, పొద్దున వార్తల సైట్‌లో అదే వెంచర్. దీన్ని రీటార్గెటింగ్ అంటారు.

మనకు ఇది కొత్త విద్య కాదు. పంచతంత్రంలో మేకను భుజాన వేసుకుని పోతున్న బ్రాహ్మణుడికి ముగ్గురు దొంగలు దారిలో తలో చోట ఎదురవుతారు, ఒకరికొకరు ఏమీ కానట్టు. ముగ్గురూ దాన్ని కుక్క అనేసరికి ఆయన దించేసి పోతాడు. 1977లో లిన్ హాషర్, డేవిడ్ గోల్డ్‌స్టీన్, థామస్ టొప్పినో అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి తేల్చిందీ ఇదే. నిజమో అబద్ధమో తెలియని వాక్యమైనా మళ్లీ మళ్లీ వింటే నిజమనిపించడం మొదలవుతుంది.

అయితే కథలో మేక మేకగానే ఉంది. బ్రాహ్మణుడు నమ్మినంత మాత్రాన దానికి కుక్క తోక మొలవలేదు. ఇళ్ల ధర అలా కాదు. నమ్మకంతో అది నిజంగానే మారుతుంది. ఈ విషయంలో నీతి ఏం చెప్పినా ఇక్కడి నుంచే మొదలవ్వాలి.

హైదరాబాద్‌లోని కోకాపేట చూడండి. 2021 జూలైలో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) అక్కడ వేలం వేస్తే ఎకరం గరిష్ఠంగా 60.2 కోట్లు పలికింది. 2023 ఆగస్టు 3న రెండో దశ వేలంలో ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్లకు పోయింది. అదే రోజు అమ్ముడైన 45 ఎకరాల సగటు చూస్తే ఎకరం సుమారు 73 కోట్లు. సగటు ఎవరికి గుర్తుంది? రీళ్లలోకి, హోర్డింగుల మీదికి, చుట్టాల ఇళ్ల మాటల్లోకి ఎక్కింది వంద కోట్ల అంకె. ఆ అంకెలో అబద్ధం లేదు. కానీ ఒక్క ప్లాటు ధర ఊరందరి ధర అయికూచుంది. ఎంతో దూరాన మూడు వందల గజాలు కొనేవాడు కూడా ఆ వంద కోట్లను మనసులో పెట్టుకునే బేరమాడాడు.

అమరావతి ఇంకా పెద్ద సాక్ష్యం. ఆంధ్రప్రదేశ్ రాజధాని కోసం 33 వేల ఎకరాలకు పైగా రైతులు ల్యాండ్ పూలింగ్‌కు ఇచ్చారు. 2015 అక్టోబరు 22న ప్రధాని శంకుస్థాపన చేశారు, ధరలు ఎగిరాయి. 2019 డిసెంబరు 17న శాసనసభలో మూడు రాజధానుల మాట వచ్చింది, ధరలు కుప్పకూలాయి. 2024 ఎన్నికల ఫలితాలతో మళ్లీ లేచాయి. మట్టి అదే, కృష్ణ ఒడ్డు అదే. మారింది మాట. ఆ మాట నమ్మి భూమి ఇచ్చినవారు మధ్యలో నాలుగేళ్లకు పైగా శిబిరాల్లో కూచున్నారు.

చక్కెర తీపి అని వెయ్యిసార్లు చెప్పినా తీపి పెరగదు. ‘ఈ ఏరియా పెరుగుతుంది’ అని పదివేల మందిని నమ్మించగలిగితే మాత్రం అది కొన్నాళ్లు పెరుగుతుంది. ప్రకటన చేసినవాడు అప్పుడు రొమ్ము విరుచుకుని, నా మాట నిజమైందిగా అంటాడు. కానీ ఆ నిజానికి డబ్బు కట్టింది వెనకాల వచ్చి కొన్నవాళ్లు. వరసలో చివర నిలబడ్డవాడి దగ్గరికి వచ్చేసరికి కొనేవారుండరు. మాట అతని చేతిలోనే అబద్ధమవుతుంది. అర్థశాస్త్రవేత్తలు కార్ల్ కేస్, రాబర్ట్ షిల్లర్ 1988లో అమెరికాలో నాలుగు చోట్ల ఇళ్లు కొన్నవారిని ప్రశ్నలడిగి చూస్తే, ధరలు పెరుగుతాయన్న ఆశ చాలామందిని నడిపించింది గానీ ఆ పెరుగుదలకు ఆధారాలేమిటో చెప్పగలిగినవారు తక్కువ. పదిమందీ చెప్పుకునే మాటలే వారి కారణాలు.

మన దగ్గర పదిమందీ చెప్పుకునే మాట ఒకటుంది. భూమి ధర ఎప్పటికీ తగ్గదని. నేషనల్ హౌసింగ్ బ్యాంక్ 2007 నాటి ధరలను 100గా తీసుకుని లెక్కకట్టిన సూచీలో హైదరాబాద్ ఆ తర్వాత కొన్నేళ్ల పాటు 100 కిందే ఉండిపోయింది. జపాన్‌లో అచ్చం ఇదే నమ్మకానికి ‘నేల పురాణం’ అని పేరే ఉంది. 1991 తర్వాత దాదాపు పదిహేనేళ్లు అక్కడ భూమి ధరలు దిగుతూనే పోయాయి.

ప్రకటనల పక్షాన ఒక బలమైన వాదం ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. పొగడ్త పొగడ్తేనని వినేవాడికి తెలియదా? మీమాంసకులు వేదవాక్యాల్లో కొన్నిటిని అర్థవాదం అన్నారు. ఫలానా దేవత అంతటిది, ఫలానా కర్మ ఇంతటిది అనే స్తుతి వాక్యాలు. వాటి పని ఉన్నదున్నట్టు వర్ణించడం కాదు, చేయవలసిన పని మీద మనసు పుట్టించడం. ‘మా వెంచర్ భూలోక స్వర్గం’ అన్న మాట అలాంటిదే. స్వర్గం దొరకలేదని ఎవరూ కోర్టుకెక్కరు. అది సరే. కానీ మీమాంసలో అర్థవాదానికి సొంత బలం లేదు. పక్కనున్న విధివాక్యం ప్రమాణం గనుకనే దానికి విలువ. మరి ‘20 నిమిషాలు’ స్తుతి కాదు, కొలత. ‘హెచ్‌ఎండీఏ అప్రూవ్డ్’ స్తుతి కాదు, దస్తావేజు సంగతి. ‘ఏటా పాతిక శాతం పెరుగుదల’ భవిష్యత్తు మీద చేసిన ప్రమాణం. కొలతను స్తుతి గొంతుతో పాడి, పట్టుబడ్డప్పుడు అది స్తుతేనని తప్పుకోవడం అర్థవాదం కాదు, మోసం. ధర మీద చుక్క గుర్తు పెట్టి కింద చీమ తలకాయంత అక్షరాల్లో షరతులు రాయడం కూడా అంతే. కురుక్షేత్రంలో ధర్మరాజు ‘అశ్వత్థామ హతః’ అని పైకి చెప్పి, చచ్చింది ఏనుగని తెలిపే ‘కుంజరః’ అన్న మాటను గొంతు తగ్గించి పలికాడు. నేల నుంచి నాలుగంగుళాల ఎత్తున నడిచే ఆయన రథం ఆ క్షణాన నేలకు దిగింది.

అయితే ఎవరి మాట నమ్మాలి? న్యాయదర్శనం దీనికి ఆప్తవాక్యం అని బదులిచ్చింది. ఆప్తుడంటే చుట్టమో పెద్దమనిషో కాదు. వాత్స్యాయనుడు తన న్యాయభాష్యంలో రెండు షరతులు పెట్టాడు. చెప్పే సంగతిని తాను స్వయంగా ఎరిగి ఉండాలి, ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలన్న కోరిక ఉండాలి. ఋషులకైనా, ఆర్యులకైనా, మ్లేచ్ఛులకైనా ఈ లక్షణం ఒకటేనన్నాడు. కులం, కీర్తి లెక్కలోకి రావు.

ఈ గీటురాయి మీద మహేంద్రసింగ్ ధోనీ కథ చూడాలి. నోయిడాలో ఇళ్లు కట్టే ఆమ్రపాలి సంస్థకు ఆయన ప్రచారకర్తగా ఉండేవాడు. ఆయన ముఖం చూసి జనం ధైర్యంగా కొన్నారు. పనులు పూర్తికాక విసిగిన నివాసితులు 2016 ఏప్రిల్‌లో ట్విటర్‌లో ఆయన్నే నిలదీశారు. ఆయన ఆ బాధ్యత నుంచి తప్పుకున్నాడు. 2019 జూలై 23న సుప్రీంకోర్టు, స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) కింద ఆ సంస్థకున్న రిజిస్ట్రేషన్ రద్దు చేసి, మిగిలిన కట్టడం పనిని ప్రభుత్వ నిర్మాణ సంస్థ ఎన్‌బీసీసీకి అప్పగించింది. ఎదురుచూస్తున్న కుటుంబాలు 40 వేలకు పైనే. తనకు రావలసింది ఇప్పించమని ధోనీ కూడా కోర్టు తలుపు తట్టాడు. అంటే ఆ ముఖం కట్టడానికి పూచీ కాలేకపోయింది. ఆయన క్రికెట్‌లో ఆప్తుడు, ఇళ్ల విషయంలో కాదు. ఇవాళ వెంచర్ల మధ్య నడుస్తూ రీళ్లు చేసే ఇన్‌ఫ్లుయెన్సర్ల సంగతీ ఇదే.

చట్టం ఈ దారిలో కొంత నడిచింది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, మరీ చిన్నవి మినహా ఏ ప్రాజెక్టునైనా రిజిస్టర్ చేయకుండా అమ్మడమే కాదు, ప్రకటించడమూ నేరమే. ప్రీ లాంచ్ అన్న పేరుతో హైదరాబాద్‌లో జరిగిన అమ్మకాల్లో ఎన్నో ఈ గీత దాటినవే. మహారాష్ట్ర రెరా 2023 ఆగస్టు 1 నుంచి ప్రతి ప్రకటన మీదా క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేసింది. ఫోన్‌తో స్కాన్ చేస్తే ప్రాజెక్టు వివరాలు కళ్ల ముందుంటాయి. తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రతి రీల్ మీదా అది ఉండి తీరాలి.

శుక్రుడి మినహాయింపు ఇక్కడ చెల్లదు. ఆ జాబితాలోని అబద్ధాలు చాలావరకు ఆపదలో ఉన్నవాణ్ణి కాపాడటానికి ఉద్దేశించినవి. ఇక్కడ ఆపదలో పడేది వినేవాడు. ఒకరి బతుకుతెరువు కోసం ఇంకొకరి ఇరవై ఏళ్ల బతుకును తాకట్టు పెట్టించే మాటకు ఏ శాస్త్రమూ అండ ఇవ్వదు.

‘20 నిమిషాలు’ అని రాయబోయే అబ్బాయైనా అమ్మాయైనా ఒక్క సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఆ వెంచర్ దగ్గర నుంచి ఎయిర్‌పోర్టుకు వెళ్లి చూడాలి. గడియారం ఎంత చూపిస్తే అంత రాయాలి. ధర ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటే రెరా నంబరూ అంతే పెద్ద అక్షరాల్లో పెట్టాలి. కొనేవారు ఆ వీడియోను, ఆ బ్రోచర్‌ను, టెలీకాలర్ పంపిన వాట్సాప్ మెసేజ్‌ను చెరిపేయకుండా దాచుకోవాలి. ప్రకటన నమ్మి అడ్వాన్సు కట్టి నష్టపోయినవారికి పరిహారమో, వడ్డీతో సహా డబ్బు వాపసో ఇవ్వాలని రెరా చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. ఫిర్యాదు చేసేచోట మొదట అడిగేది ఆ ప్రకటననే.