కోరిక కొండంత, సంకల్పం గోరంత

అరవై సంవత్సరాలకీ పేర్లు పెట్టిన మహానుభావుడెవరో గాని, ఆయనకి మొహమాటం బొత్తిగా లేదు. శుభకృత్తు, శోభకృత్తు అని రెండు తీపి పేర్లు పెట్టి, ఆ వెంటనే క్రోధి అన్నాడు. 2024 ఉగాదికి మనమందరం ఒకరికొకరం క్రోధి నామ సంవత్సర శుభాకాంక్షలు చెప్పుకున్నాం. "ఇది మా అత్తగారి సంవత్సరమే తల్లీ" అని ఓ స్నేహితురాలు ఫోనులో నవ్వింది కూడా. 2025లో విశ్వావసు వచ్చింది, ఫర్వాలేదు. దాని వెనకాలే 2026 ఉగాదికి పరాభవ! పరాభవం మీ ఇంటికి వస్తోంది, శుభమగుగాక అని ఏ మొహం పెట్టుకుని చెప్పడం, మీరే చెప్పండి?

అయినా చెప్తాం. పేరెలా వున్నా రోజులు మంచిగా వుండాలని కోరుకోవడమే కదా శుభాకాంక్ష అంటే. రాబోయే దానిమీద మనకి అధికారం లేదు, అందుకే కోరుకుంటాం. నా ఉద్దేశంలో కోరికకి ఎంత పిసినారితనం తగ్గిస్తే అంత మంచిది. ఎదుటివాళ్ళకి కోరేటప్పుడు కొండంత కోరండి, ఖర్చేముంది?

చిక్కంతా సంకల్పం దగ్గర వస్తుంది. కొత్త సంవత్సరం డైరీ మొదటి పేజీలో మనలో చాలామంది రాసుకునేవి చూడండి. "ఈ ఏడాది అబ్బాయికి మంచి ఉద్యోగం రావాలి." ఇది సంకల్పం కాదు, కోరిక. "అత్తగారి మోకాళ్ళ నొప్పులు తగ్గాలి." ఇదీ కోరికే. గురువారం నాడు వంట తొందరగా ముగించి ఆవిడని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం సంకల్పం. అది మాత్రం డైరీలో కనిపించదు. చేతిలో లేనివాటిని చేస్తామని రాసుకోవడం, చేతిలో వున్నవాటిని జరిగితే బాగుండునని కోరుకుంటూ కూచోవడం, ఈ తారుమారు వల్లే జనవరి పదో తారీకుకల్లా డైరీ చాకలిపద్దు పుస్తకమైపోతుంది.

ఇంతకీ తప్పేమిటి, నిలబెట్టుకోలేకపోయినా పెద్ద ఆశయం పెట్టుకోవడం మంచిదే కదా అంటారు కొందరు. తెల్లవారుజామున నాలుక్కి లేస్తామనుకుంటే కనీసం ఆరుకైనా లేస్తామట. నేను ఒప్పుకోను. ఇంకొకరికిచ్చిన మాట తప్పితే సిగ్గుపడతాం, సంజాయిషీ చెప్పుకుంటాం. మనకి మనం ఇచ్చుకున్న మాటకి మాత్రం ఆ మర్యాద లేదు. ఏటేటా అలా తప్పుతూ పోతే నష్టపోయేది నిద్ర కాదు, బరువు కాదు. తన మాట మీద తనకుండే నమ్మకం పోతుంది. ఇంట్లో అందరి మాటలూ నెగ్గాక ఆఖరున మిగిలే ఆడదాని మాటకి, ఆ నమ్మకం కూడా పోతే ఇంకేం మిగులుతుంది?

మా ఆడపడుచు వాళ్ళుండేది జమ్మలమడుగులో. అక్కణ్ణుంచి గండికోట పదిహేను కిలోమీటర్లు. ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుంటూ పెన్న పారే ఆ లోయ అంచున నిలబడితే ఎవరికైనా మాట పడిపోవలసిందే. ఇప్పుడు జనవరి ఒకటో తారీకు సూర్యోదయం అక్కడ చూడాలని కుర్రకారు రాత్రే వచ్చి గుడారాలు వేసుకుంటున్నారు. చలిలో దుప్పట్లు కప్పుకుని, ఎర్రబండల మీద వెలుగు పడగానే "హ్యాపీ న్యూ ఇయర్" అని కేకలు. ఆ కేక లోయలో పడి తిరిగొస్తుంది. చెప్పినవాళ్ళకే తిరిగొచ్చే శుభాకాంక్ష అన్నమాట!

అందరూ లోయ చూస్తారు. నాకు మాత్రం కోటలోని చెరువు దగ్గర ఎక్కువసేపు నిలబడాలనిపిస్తుంది. కింద అంత పెద్ద నది వుంది, కళ్ళకి కనిపిస్తుంది, చేతికందదు. అందుకే కోటగోడల లోపల రాయల చెరువు వుంది, కత్తుల కోనేరు వుంది. పెన్నని నమ్ముకుని బిందె తీసుకుని అంచున నిలబడితే ఇల్లాలికి అన్నం వుడుకుతుందా? జుమ్మా మసీదు పక్కన పెద్ద ధాన్యాగారం కూడా వుంది. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు మీర్ జుమ్లాని కలుసుకోవడానికి ఈ కోటకే వచ్చాడు. ఆ రత్నాలన్నీ ఎక్కడెక్కడికి పోయాయో గాని, గింజలు దాచుకునే గాదె మాత్రం నిక్షేపంలా నిలబడి వుంది.

అసలు సంకల్పమనే మాట మనకి కొత్తదేమీ కాదు. ఏ వ్రతం చేసినా పురోహితుడు మొదట చెప్పించేది అదే. శ్రద్ధగా వింటే అంత వాస్తవికమైన తంతు మరొకటి లేదనిపిస్తుంది. మేరువుకి ఏ దిక్కున వున్నావు, శ్రీశైలానికి ఏ మూల వున్నావు, ఏ నదుల మధ్య వున్నావు, ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథి, ఏ వారం. ఇల్లు సొంతమైతే స్వగృహే అనాలి, అద్దెదైతే వసతిగృహే అనాలి. దేవుడి దగ్గర కూడా అద్దె కొంపని సొంతిల్లని చెప్పుకోవడానికి వీల్లేదు! ఇదంతా చెప్పుకున్నాకనే ఏం చేయదలిచామో చెప్పాలి. అదీ "యథాశక్తి" అని, దొరికిన ద్రవ్యాలతో, చేతనైన ఉపచారాలతో అని. శక్తికి మించి చేస్తానని దేవుడికే మాటివ్వనప్పుడు డైరీకెందుకివ్వాలి?

(ఆ సంకల్పంలో గోత్రమూ పేరూ ఆయనగారివి, మనం "ధర్మపత్నీ సమేత". చెయ్యి తాకితే చాలు, మన సంకల్పమూ అందులో కలిసిపోయినట్టే. ఆ సంగతి మరోసారి మాట్లాడుకుందాం.)

పంచాంగ శ్రవణం కూడా ఇంతే. ఆదాయం రెండు, వ్యయం పదకొండు అని నిండు సభలో చదివేస్తారు. రాజపూజ్యం పక్కనే అవమానమూ చదువుతారు. విన్నవాళ్ళెవరూ ఏడ్చుకుంటూ వెళ్ళరు, పులిహోర తిని నవ్వుకుంటూ వెళ్తారు. కడప జిల్లాలో ఏడాది మొత్తం మీద పడే వాన దాదాపు 700 మిల్లీమీటర్లు, అదీ పడితే. అక్కడి రైతు వాన ఎన్ని ఆఢకాలో చెప్పే ముక్క చెవులు రిక్కించి వింటాడు, విని, ఏదైతేనేం అని ఇంటికెళ్ళి విత్తనం కాయలు బాగుచేసుకుంటాడు.

2020 ఉగాది గుర్తుందా? మార్చి 25. సరిగ్గా ఆ రోజునే దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. మామిడికాయ దొరకని ఇళ్ళున్నాయి, వేపపువ్వు లేని పచ్చళ్ళున్నాయి. వచ్చిన సంవత్సరం పేరు శార్వరి, అంటే రాత్రి. ఆ రోజు ఫోన్లు చేసుకుని "జాగ్రత్తగా వుండండి" అని చెప్పుకున్న మాటలో వున్నంత మనసు, రంగురంగుల బొమ్మలతో రెండువందల మందికి ఒక్క మీట నొక్కి పంపే శుభాకాంక్షలో వుంటుందా?

గండికోట పైనున్న ఊళ్ళకి ఆ శార్వరి మరింత చీకటిగా గడిచింది. పెన్న మీద కట్టిన గండికోట జలాశయంలో 26.85 టి.ఎం.సీల నీళ్ళు నిలపవచ్చు. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు కొండాపురం మండలంలో తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళు ఖాళీ చేయవలసి వచ్చింది. ఆ నీళ్ళ కోసం సీమ ఎన్ని తరాలు ఆకాశం వైపు చూసిందో మనకి తెలియనిది కాదు. అంతమంది కోరిక తీరింది, కొందరి ఊరు పోయింది. రెండూ నిజమే. ఒకరి శుభం ఇంకొకరి ఇంటి గడప మీదుగా నడిచిరావడం తప్పదేమో గాని, నడిచొచ్చిందన్న సంగతి మరిచిపోకూడదు.

అలా వచ్చిన ఒకావిడ మా ఆడపడుచు వాళ్ళ వీధిలో కూరగాయలు అమ్ముతుంది. ఓ ఉగాదికి ముందు అక్కడున్నప్పుడు, "ఈ పండక్కి ఏం కోరుకుంటావు?" అని అడిగాను.

"కోరుకునేదానికేముండాదమ్మా, మా ఊరు నీళ్ళల్లోనుంచి బయటికి రావల్లని కోరుకుంటా" అంది. నేనేమీ అనలేక వూరుకుంటే తనే నవ్వింది. "అది అయ్యేది గాదని నాకు తెలీదా? కోరుకునేదానికి దుడ్లు పడవు గదా. చేసేది వేరే. పాతింటి కాడ వేపమాను ఉండె. ఈ తూరి కొత్తింటి కాడ ఒకటి నాటినా. దినామూ బిందెడు నీళ్ళు పోస్తాండా, అంతే."

నేను కూరలు తీసుకుని లోపలికొచ్చాను. వంకాయలు లేతగా వున్నాయని మా ఆడపడుచు మెచ్చుకుంది.

మనసులోని కోరిక ఎదుటివాళ్ళని ఎలా చేరాలో ఆ జిల్లావాళ్ళకి బాగా తెలుసు. ఉగాదినాడు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లిం కుటుంబాలు తెల్లవారేసరికల్లా వస్తాయి. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ, స్వామి తమ అల్లుడు అని వాళ్ళ నమ్మకం. బెల్లం, కొబ్బరికాయ, బియ్యం, చింతపండు పట్టుకొచ్చి ఇచ్చి, మొక్కి వెళ్తారు. పుట్టింటివాళ్ళు పండక్కి చేసే పనే అది. పిల్ల చల్లగా వుండాలని కోరుకుంటే చాలదు, బెల్లం తూచి మూటగట్టాలి, గుడిదాకా నడవాలి. కోరిక కొండంత, మూట మోయగలిగినంత.

ఈ లెక్కన మన ఇళ్ళలో పనిచేసే మనిషికి "చల్లగా వుండు, ఆరోగ్యంగా వుండు" అని చీర పెట్టి దీవించడం ఒక ఎత్తు, ఆ ఆరోగ్యంలో మన చేతిలో వున్న భాగమెంతో చూడటం ఇంకో ఎత్తు. మొన్న మా ఇంట్లో పనిచేసే ఆవిడని, కొత్త సంవత్సరానికి నీకేం కావాలని నేరుగా అడిగాను. చీర అంటుందనుకున్నాను. "నెలకి రెండాదివారాలు రాకుండా వుంటానమ్మగారూ, నడుం ఒప్పుకోడం లేదు. జీతం కొయ్యకండి" అంది. సరేనన్నాను. ఈ ఏటికి నా సంకల్పం ఇదొక్కటే. తేదీలు కాలెండరు మీద ఎర్రపెన్సిలుతో చుట్టాను, నాకూ ఆమెకీ కనబడేట్టు.

ఆ రెండాదివారాలూ గిన్నెల సంగతేమిటన్నది సాయంత్రం అందరి ముందూ పెట్టాను. మా అబ్బాయి ఫోనులోంచి తలెత్తలేదు. మావారు పేపరు మడిచి, కళ్ళజోడు తీసి, చాలాసేపు ఆలోచించి, "యథాశక్తి" అన్నారు.