చూపు కూడా దోపిడేనా?



సెలవులు వచ్చాయంటే మీలో చాలామంది అరకు కొండలు ఎక్కుతారు. అక్కడినుండి దిగి విశాఖ, భీమిలి తీరాలకు వెళ్తారు. కొందరు ఇంకా ముందుకు, శ్రీకాకుళం సముద్రతీరం దాకా సాగుతారు. ఇప్పుడు ప్రతి జేబులో ఫోను, ప్రతి ఫోనులో కెమెరా. లోయ కనబడినా, పిట్ట కనబడినా, అల కనబడినా ఒక ఫోటో తీయవలసిందే. కొమ్మ విరవలేదు, పువ్వు తుంచలేదు, పిట్టను కొట్టలేదు. చూశాం, ఫోటో తీశాం. ఇందులో తప్పేముంది అని మీరు అడగవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అడిగేవాడిని.

చాలా ఏళ్ల క్రిందటి మాట. కెమెరాలో రీలు వేసుకునే రోజులు. ఒక ఫిబ్రవరి రాత్రి శ్రీకాకుళం తీరంలో ఒక వృద్ధ మత్స్యకారునితో కలిసి నడుస్తున్నాను. జనవరి నుండి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికి వచ్చి, రాత్రివేళ ఇసుకలో గుంత తవ్వి, వంద పైచిలుకు గుడ్లు పెట్టి వెళ్తాయి. ఆ రాత్రి ఒక తల్లి తాబేలు అల అంచు దాటి మెల్లగా పైకి పాకుతోంది. ఆ పెద్దాయన నోట్లోని బీడీని ఇసుకలో గుచ్చి ఆర్పేశాడు. నేను కెమెరా ఎత్తి ఫ్లాష్ కొట్టాను.

తాబేలు ఆగింది. కాసేపటికి వెనుదిరిగి, గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి వెళ్లిపోయింది. ఆయన కోపపడలేదు. “పురిటినొప్పులు పడతన్న ఆడదాని మొకాన దీపవెడతారేటి బాబూ?” అన్నాడు. అంతే. ఆ ఫోటో చాలా బాగా వచ్చింది. చూసినవారంతా మెచ్చుకున్నారు.

“తెలియక చేశారు కదా!” అని మీరు అనవచ్చు. నిజమే, తెలియదు. కాని బీడీ ఎందుకు ఆర్పావని పక్కనున్న మనిషిని ఒక్క మాట అడిగితే తెలిసేది. అడిగే ఓపిక లేని అజ్ఞానం పూర్తిగా నిర్దోషం కాదు.

“ఫోటోలవల్ల మేలు జరగదా?” అని మరొకరు అడగవచ్చు. తప్పకుండా జరుగుతుంది. ఎన్నడూ అడవి ముఖం చూడని పిల్లవాడు ఒక ఫోటో చూసి అడవిని ప్రేమించవచ్చు. అయితే ఫలితం మంచిదైతే మార్గం ఎలాంటిదైనా ఫర్వాలేదా? 2009లో లండన్‌లో జరిగిన ఒక ప్రసిద్ధ వన్యప్రాణి ఫోటోల పోటీలో, గేటు మీదుగా దూకుతున్న తోడేలు చిత్రానికి మొదటి బహుమతి ఇచ్చారు. అది మచ్చిక చేసిన తోడేలు అయి ఉంటుందని భావించి 2010 జనవరిలో ఆ బహుమతిని రద్దు చేశారు. ఫోటో తీసిన వ్యక్తి ఆ ఆరోపణను ఒప్పుకోలేదు. ఏమైనా, బొమ్మ అందంగా ఉంటే చాలదు, అది ఎలా వచ్చిందో కూడా అడగాలని న్యాయనిర్ణేతలు తలచారు. మనం మన ఫోటోలను అలా అడుగుతున్నామా?

“ఒక్క ఫ్లాష్‌తో కొంప మునుగుతుందా?” అన్నది మూడో మాట. ఆ తాబేలు మరునాడు మరోచోట గుడ్లు పెట్టి ఉండవచ్చు. కాని మన తరువాత వచ్చేవాడూ ఇదే మాట అంటాడు. కొండల్లో ఫోనులో పిట్ట కూత వినిపించి పిట్టను రప్పించేవారున్నారు. తన చోటుకు మరో పిట్ట వచ్చిందనుకుని, పాపం, అది మేత మాని పోట్లాటకు వస్తుంది. గూళ్లకు మరీ దగ్గరగా వెళ్తే తల్లిపక్షులు బెదిరి ఎగిరిపోతాయి. పిల్లలు ఎండకూ కాకులకూ దొరుకుతాయి. ఒక్కొక్కరిది చిన్న తప్పే. భరించేది మాత్రం ఆ ఒక్క ప్రాణి.

టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లి చూడండి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఏటా అక్కడికి వచ్చి చెట్లమీద గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. వాటి రాకను శుభంగా తలచి ఊరివారు కాపాడుకుంటున్నారు. వాళ్లూ రోజూ చూస్తున్నారు. చూడటం తప్పైతే వాళ్లే మొదటి దోషులు కావాలి. కాబట్టి తప్పు చూపులో లేదు. ఎదుటి ప్రాణి మన బొమ్మ కోసమే ఉందనుకోవడంలో ఉంది. మనం వెళ్లడంవల్ల అది చేస్తున్న పని ఆపిందంటే, మనం ఉండవలసిన దానికంటే దగ్గరకు వెళ్లామని అర్థం. ఒక అడుగు వెనక్కి వేయాలి. అవసరమైతే ఫోటో లేకుండానే ఇంటికి రావాలి.

మనం ఫోటో “తీశాను” అంటాం. ఎవరి దగ్గరనుండి తీశాం? తిరిగి ఏమిచ్చాం?

ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. చించేయలేదు. చించితే ఆ రాత్రి మారదు. ఎవరైనా బాగుందంటే ఈ కథంతా చెబుతాను. ప్రియ పాఠకులారా, ఈసారి ప్రయాణంనుండి తిరిగి వచ్చాక మీ ఫోటోలు ఒక్కొక్కటీ చూసుకోండి. ఏ ఫోటో వెనుక కథను మీ పిల్లలకు దాచకుండా చెప్పగలరో, అదే మీకు నిజంగా దక్కిన ఫోటో.