50 ఆకుల కట్ట

తునికాకు కట్ట అంటే 50 ఆకులు. 48 ఆకులే కట్టి కల్లంలో పెడితే ఎవరూ విప్పి చూడకపోవచ్చు. అయినా మా అయ్య పెట్టనిచ్చేవాడు కాదు. "చూసేటోడు లేడని లెక్క మారదు బిడ్డా" అనేవాడు. మణుగూరు అడవి పక్కన కోయ ఇంట్లో నేను నేర్చుకున్న నిజాయితీ ఇదే.

పత్రికనూ ఆయన అదే లెక్కన చూసేవాడు. చదువు రాదు, నాతో చదివించుకునేవాడు. పోడు రైతులను ‘ఆక్రమణదారులు’ అని రాస్తే, "మనల్ని అడిగి రాసిండ్రా?" అనేవాడు. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి గిరిజనుల సాగులో ఉన్న అటవీ భూమిపై 2006 చట్టం హక్కును గుర్తించింది. ఆ మాట వదిలేసిన వార్త ఆకులు తగ్గిన కట్టే.

డబ్బు తీసుకొని ప్రచారాన్ని వార్తగా అచ్చేయడంపై 2010లో ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘమే నివేదిక రాసింది. ఆ పూర్తి నివేదిక, కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే, 2011లో బయటికొచ్చింది. కాబట్టి అయ్య అనుమానం చదువులేని తనం కాదు.

అయితే పత్రికలన్నీ అబద్ధాలేనని తోసేయడమూ న్యాయం కాదు. మనకు నచ్చిందని అబద్ధాన్ని ఫోన్‌లో పంపితే మనదీ తక్కువ కట్టే. ఎవరు చెప్పారు, ఎవరిని అడగలేదు, ఎవరికి లాభం? ఈ మూడు ప్రశ్నలూ బడిలో పిల్లలకు నేర్పాలి. మన కట్టలో లెక్క సరిగ్గా ఉన్నప్పుడే ఎదుటివారి కట్ట విప్పమని గట్టిగా అడగగలం.