పిల్లల సమ్మతి



క్రిందటి సంవత్సరము మా ఊరి జైన పాఠశాలకు ఒక కాలేజీ విద్యార్థిని పరిశోధన నిమిత్తము వచ్చినది. పిల్లలు బయట ఏమి తింటారు, చదువైన పిదప అంగడిలో కూర్చొనుటకు ఇష్టమేనా, ఇంట్లో తగవులున్నవా అని నలుబది ప్రశ్నల కాగితము తెచ్చినది. తల్లిదండ్రుల నడుగకయే కమిటీ తరఫున నేను సంతకము చేసినాను. చదివి చేసినానని చెప్పను.

పదునైదేండ్ల కుర్రవాడొకడు కాగితము ఏమీ వ్రాయకనే తిరిగి ఇచ్చి, "మామయ్యగారూ, మా ఇంటి సంగతులు చెప్పడానికి మీరు సరేనన్నారు. నన్నెవరూ అడగలేదే!" అన్నాడు. పేరు వ్రాయనక్కరలేదు గదా అన్నాను. "వయస్సు, తరగతి, నాన్నగారి వ్యాపారం అడిగారు. ఇక్కడ పదో తరగతిలో స్టీలు సామాన్ల అంగడివాళ్ల అబ్బాయిని నేనొక్కణ్ణే" అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

ఒకరి అప్పునకు జామీను సంతకము చేయవలెనన్న మనము ఎన్ని రాత్రులు ఆలోచింతుము! అచౌర్యవ్రతమనగా ఇయ్యనిదానిని తీసుకొనకుండుట. అదత్తాదానమను మాట తూనికలకు, కొలతలకు, సొమ్ముకు మాత్రమే అనుకొంటిమి. చేయుట, చేయించుట, అనుమోదించుట మూడును ఒకటే గనుక, అడిగినది ఆమె అయినను ఆ దోషములో నాకు వాటా ఉన్నది.

ఇది చిన్న సంగతి అనువారు ఖమ్మం జిల్లాను తలచుకొనవలెను. 2009లో అచ్చట 10 నుండి 14 ఏండ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకా వేసి పరిశీలించు కార్యక్రమము జరిగినది. వసతిగృహములలోని గిరిజన బాలికలు పెక్కుమందికి తల్లిదండ్రులకు బదులు వార్డెనులే సంతకములు పెట్టినారు. 2010లో దానిని నిలిపివేసినారు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము ఆ పద్ధతిని తీవ్రముగా తప్పుపట్టినది. టీకా మంచిదనియే వైద్యులు నేటికిని చెప్పుదురు. తప్పు అడుగకపోవుటలో నున్నది. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఆరోగ్య పరిశోధనలకు వ్రాసిన నియమములలో తల్లిదండ్రుల సమ్మతితోబాటు, 7 ఏండ్లు దాటిన పిల్లల నోటిమాట, 12 దాటినవారి వ్రాతపూర్వకమైన ఒప్పుదల కూడ ఉండవలెనన్నారు.

"పిల్లలకేమి తెలియును? పెద్దలు చాలరా?" అని కమిటీలో ఒక పెద్దమనిషి అన్నారు. పెద్దల అనుమతి వద్దని నేననను. శ్వేతాంబర సంప్రదాయము ప్రకారము వర్ధమానస్వామియే అన్నగారైన నందివర్ధనుని అనుమతికై ఆగినారు. కాని దీక్ష కోరినది స్వామి. అన్నగారు కోరి పంపలేదు.

ఆ అమ్మాయిని పిలిపించి కాగితములు తిరిగి అడిగినాము. పాపము, విసుగుకొనలేదు. తండ్రి వ్యాపారమను ప్రశ్న కొట్టివేసి, ఈసారి తల్లిదండ్రుల సంతకములు తెప్పించి, ప్రశ్నలన్నియు పిల్లలకు చదివి వినిపించి, ఇష్టము లేనివారు లేచిపోవచ్చునన్నది. ముప్పది ఇద్దరిలో పదకొండుగురు లేచిపోయినారు. వారిలో మా చిన్నవాడొకడు. ఎందుకని నేనడుగలేదు.